సందు పడని పాట

మహారాజుల ఏలుబడి చివరి రోజుల్లో మైసూరు నుంచి ఒక పెద్దమనిషి మా గొర్రెలకాపరుల పల్లెకు, హట్టికి వచ్చాడు. తలకు జరీ పేటా, చంకలో కాగితాల కట్ట. పల్లెపల్లె తిరిగి దేవుళ్ల పాటలు రాసుకుంటున్నాడట. మా ఇంటి ముందు మంచం మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, కన్నడంలో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. దేవుడనేవాడు లేకపోతే ఈ పాటలు ఏనాడో మట్టిలో కలిసిపోయేవట. గుళ్ల మీది బొమ్మలైనా, పెద్దపెద్ద కావ్యాలైనా, గొర్రెలు కాచుకునేవాళ్ల పాటలైనా భక్తి వల్లనే బతికాయట. నేను తలాడిస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది.

చివరికి అసలు సంగతికి వచ్చాడు. మీ నాయన ఒక ఏడు గొర్రెపిల్ల ఘట్టం పాడితే జనం వెక్కివెక్కి ఏడ్చారట కదా, అప్పుడు వంత పాడింది నువ్వేనట కదా, అది పాడు, రాసుకుంటాను అన్నాడు. గొంతు బాగాలేదని చెప్పి పంపించేశాను. నా గొంతుకేం, గుండ్రాయిలా ఉంది.

ఆ ఏటి సంగతి చెప్పాలంటే ముందు మా ఆచారం చెప్పాలి. నిడుగల్లు కొండ కింద ముప్పై గడపల హట్టి మాది. చుట్టూ ముళ్ల కంచె, నడుమ దేవుడి గుడి. గుడంటే గోపురం, మంటపం అనుకునేరు. నాలుగు రాతికూసాలు, పైన బోదకప్పు, అంతే. ఏడాదికొకసారి దేవుడి పండగ. ఆ రోజు గుడి ముందు నల్ల గొంగడి పరిచి, పొద్దు పొడవగానే పాట మొదలుపెడితే, సాయంత్రం మందలు ఇంటికి తిరిగే వేళకు మంగళం పాడాలి. చరణం నాయనది, వంత నాది. నాయన విడిచిన మాటను నేను పట్టుకోవాలి, నేను విడిచినచోట నాయన పట్టుకోవాలి. మధ్యలో సందు పడకూడదు. పడితే దేవుడు ఆ సందులోంచి లేచి వెళ్లిపోతాడని మావాళ్ల నమ్మకం. పండగకు హట్టిలో అందరూ చేతికి కంకణం కట్టుకుంటారు, మంగళం అయ్యేదాకా ఎవరూ విప్పరు. కంకణం కట్టుకున్నవాడు మైలను తాకడు.

ఇది ఉత్త మాట అనుకోవడానికి లేదు మాకు. ఆ ఏటికి రెండేళ్ల ముందు వంత పాడినవాడు మా చిన్నాయన. పాట మధ్యలో ఆయనకు దగ్గు తెర వచ్చింది. సందు పడింది. ఆ వానాకాలం గొర్రెలకు అమ్మవారు పోసి మందకు మంద పడిపోయింది. ఆ తరువాత చిన్నాయన ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వలేదు. ఆడవాళ్లు ఆయన కనబడితే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. ఒకరోజు పెళ్లాం బిడ్డల్ని తీసుకుని అనంతపురం సీమకు వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆయన చోట నన్ను కూర్చోబెట్టారు. నేను చెప్పే ఏటికి నాకు ఇరవై ఏళ్లు నిండాయి, పెళ్లి కుదిరి ఉంది.

నాకు ఆ పాట నేర్పింది నాయన కాదు, మా అక్క. చెప్పుకోవడానికి సిగ్గులేదు నాకు. నాయన రెండుసార్లు చెప్పి మూడోసారి తాళాలతో నెత్తిన మొట్టేవాడు. అక్క ఉన్ని దువ్వుతూ, గొర్రెలు తోలుతూ వినివిని పాటంతా నోటికి పట్టేసింది. ఆడది గొంగడి మీద కూర్చోకూడదు కాబట్టి దానికి ఆ పాటతో పని లేదు. గుట్ట మీద మంద దగ్గర అది నాయన మాదిరి చరణం పాడేది, నేను వంత పట్టేవాణ్ణి. ఆలస్యమైతే గడ్డిపోచతో నా చెవి మీద కొట్టేది. ఏం గొంతు అది! మా హట్టి మొత్తం మీద అలాంటి గొంతు లేదు, నాయనది కూడా దాని తరువాతే. ఊపిరి ఎక్కడ తీసుకుని ఎక్కడ దాచుకోవాలో, ముందువాడు తడబడితే వెంటనే ఎలా అందుకోవాలో అన్నీ అదే చెప్పింది.

ఆ ఏడు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా ఆచారంలో కాన్పు ఇంట్లో జరగదు. కంచె బయట మొక్కజొన్న కావలికి వేసుకునేపాటి గుడిసె ఒకటి ఉంటుంది. నెలసరి వచ్చినా, నొప్పులు వచ్చినా ఆడవాళ్లు అక్కడికే. దేవుడికి మైల తగలకూడదు కదా! పండగకు ముందు రోజు దానికి నొప్పులు మొదలయ్యాయి. అమ్మ ‘నాకు కంకణం వద్దు, పండగా వద్దు’ అనేసి దానితోపాటు గుడిసెకు వెళ్లిపోయింది. పాట పాడేవాడి పెళ్లామే పండగకు లేకపోవడమా అని నలుగురూ గొణిగారు. అమ్మ చెవిన పెట్టలేదు.

పండగ రోజు నడి మధ్యాహ్నం. మేము గొర్రెపిల్ల ఘట్టంలో ఉన్నాం. ఆ కథలో దేవుడు తన పెళ్లి విందుకు కూర్చుంటాడు. విస్తరిలో అన్నం వడ్డిస్తారు. దూరంగా ముళ్లకంపలో చిక్కుకున్న గొర్రెపిల్ల అరుపు ఆయన ఒక్కడికే వినబడుతుంది. కలిపిన ముద్ద వదిలేసి, పెళ్లికూతుర్ని వదిలేసి, పరుగెత్తుతాడు. నాయన ఆ పరుగు పాడుతున్నాడు. సరిగ్గా అప్పుడే కంచె అవతల నాయన మేనత్త వచ్చి నిలబడింది. కాన్పులు చేసే అవ్వ ఆమే. చేతులకు నెత్తురు. మైల మనిషి కాబట్టి లోపలికి రాకుండా అక్కడి నుంచే అరిచింది.

"అప్పా, బిడ్డ అడ్డం తిరిగుండాది. నా చేత కాదు. బండి కట్టి పావగడ ఆస్పత్రికి తీసకపోతే దక్కుతాది. లెయ్."

అందరూ విన్నారు. ఒక్కడూ కదల్లేదు. ఎడ్లు గుడి పక్కనే పసుపు రాసుకుని నిలబడి ఉన్నాయి, బండి కట్టడం ఎంతసేపు? కానీ ప్రతి చేతికీ కంకణం. నాయన పాట ఆపి లేస్తే తప్ప కంకణాలు విప్పడం కుదరదు. నాయన చరణం చివరి మాట విడిచాడు. తాళాలు ఆగిపోయాయి. నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు అర్థం కాలేదని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అర్థం కాకపోవడమేం! ఆయన నన్ను నోరు మూసుకోమన్నాడు. నేను ఊరుకుంటే సందు పడేది, పాట దానంతట అదే ఆగేది, ఆయన లేచేవాడు. ఆ సందు నా మీద పడేది. చిన్నాయన మూటాముల్లె సర్దుకుని వెళ్లిన రోజు నా కళ్ల ముందు మెదిలింది. నాకు ఇవ్వబోయిన పిల్ల మెదిలింది. నోరు తెరిచి వంత అందుకున్నాను. మామూలు కన్నా పెద్దగా అందుకున్నాను.

నాయన కళ్లు మూసుకున్నాడు. మరు చరణం ఎత్తుకున్నాడు. ముళ్లకంపలోంచి దేవుడు గొర్రెపిల్లను తీసి గుండెకు హత్తుకునేంత వరకూ ఆయన కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతూనే ఉన్నాయి. జనం అది భక్తి అనుకున్నారు. వాళ్లూ ఏడ్చారు. దండాలు పెట్టారు. అవ్వ కంచె దగ్గర ఇంకో రెండుసార్లు పిలిచి, మట్టి తీసి మా వైపు విసిరి, వెళ్లిపోయింది.

మంగళం అవ్వగానే నాయన కంకణం తెంపి పారేసి పరుగెత్తాడు. ఆయన వెనకే నేను. గుడిసె ముందు అమ్మ కూర్చుని ఉంది. లోపల అక్క మీద చీర కప్పి ఉంది, పక్కన గుడ్డలో చుట్టిన మగబిడ్డ. ఇద్దరూ పోయి చాలాసేపయింది. అప్పుడు ఎడ్లు దొరికాయి, బండి దొరికింది, మోయడానికి మనుషులు దొరికారు. తూ.

అమ్మ ఏడవలేదు. నాయనను ఒక్క మాట అడిగింది.

"ఎందుకు లేయకపోతివి?"

"పాట ఆగలేదే," అన్నాడు నాయన. ఎందుకు ఆగలేదో చెప్పలేదు. నన్ను చూడను కూడా చూడలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గొర్రెలు కవలల్ని ఈనాయి. కన్నబిడ్డ కన్నా పాటే ఎక్కువనుకున్నవాణ్ణి దేవుడు మెచ్చాడని చుట్టుపక్కల ఊళ్లన్నీ నాయన పేరు చెప్పుకున్నాయి. నాగలమడిక నుంచి కూడా మనుషులు వచ్చి ఆయన కాళ్లకు మొక్కి వెళ్లారు. మా బావ మాత్రం వచ్చి, గుమ్మం ముందు నిలబడి, నాయన ముఖాన ఉమ్మేసి పోయాడు. నాయన తుడుచుకోలేదు. కన్నకూతుర్ని చంపుకున్నవాడని కొందరు, మహాభక్తుడని కొందరు అన్న మాటలన్నీ ఒక్కడే మోసి, నాలుగేళ్లకు చచ్చిపోయాడు. నేను నోరు విప్పలేదు. విప్పకూడనప్పుడు విప్పిన నోరు, విప్పాల్సినప్పుడు కుట్టేసినట్టు మూతపడిపోయింది.

మైసూరు పెద్దమనిషి వెళ్లిపోయాక అమ్మ గోడకు ఆనుకుని ఉన్ని వడుకుతూ కూర్చుంది. అంతసేపూ ఆయన మాటలు వింటూనే ఉంది. ఎందుకు పాడలేదురా అని అడిగింది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు. ఆ రోజు నాయన ఆపాడమ్మా, నేనే ఆపనివ్వలేదు అన్నాను. ఆమె కదురు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

"నాకు తెలుసులే," అంది. "గుడిసెలోకి పాట బాగా ఇనపడతాండె. నాయన ఆపినప్పుడు మీయక్క ఇనింది. ‘నాయన ఆపినాడమ్మా, లేసొస్తాడు’ అని నా చెయ్యి పట్టుకొని నవ్వింది. అంతలోకే నీ గొంతు ఇనపడె."

ఇన్నేళ్లూ తెలిసే నాకు అన్నం పెట్టింది, తలంటు పోసింది, నా పెళ్లి చేసింది. వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. అక్క ఏమంది అని అడిగాను.

"‘తమ్ముడు అందుకొన్నాడు’ అనింది," చెప్పింది అమ్మ. "ఆమీట మాట్లాడలేదు."