పెండ్లాం వెంట కుప్పానికి

మగవాడు పెళ్ళాం వెంట ఊరు మారితే వాడిలో ఏదో లోపం ఉందనే అనుకుంటారు. ఒళ్ళు బాగాలేదంటారు, లేదా బుద్ధి సరిగా లేదంటారు, అదీ కాకపోతే ఒట్టి సోమరి అంటారు. యుద్ధం రోజుల్లో మదనపల్లెలో ఉన్న పని మానుకుని నా భార్య వెంట కుప్పం పోయినప్పుడు ఈ మూడు మాటలూ పడ్డాను. బుద్ధి గురించీ సోమరితనం గురించీ అన్నవాటిని దులిపేసుకున్నాను. ఒళ్ళు బాగాలేదన్న మాట మాత్రం మా కొంప ముంచినంత పని చేసింది.

నేను మిషన్ వాళ్ళ వడ్రంగి షాపులో పనివాణ్ణి. ఆస్పత్రికి మంచాలూ బడికి బల్లలూ చేసేవాళ్ళం. ఆమె ఆ ఆస్పత్రిలోనే కాన్పులు చేయడం నేర్చుకుంది. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు సర్కారు ప్రసూతి కేంద్రంలో ఉద్యోగం వచ్చి పుంగనూరులో వేశారు. సర్కారు ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా? ఆమె అక్కడ, నేను ఇక్కడ. శనివారం సాయంత్రం బొగ్గు బస్సు ఎక్కేవాణ్ణి. పెట్రోలు దొరకని ఆ కాలంలో బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి నడిపేవాళ్ళు. ఎత్తు వస్తే అందరం దిగి తోయాలి. పుంగనూరు చేరేసరికి మొహమంతా మసి. తలుపు తీసి ఆమె నవ్వేది. ఆ నవ్వు కోసం బస్సును ఇంటిదాకా తోయమన్నా తోసేవాణ్ణి.

మాకు మొదట ఆడబిడ్డ పుట్టింది. ఆమె కాన్పులకు పోయినప్పుడు పక్కింటి అవ్వ బిడ్డను చూసుకునేది. ఒకరోజు దూరపు పల్లె నుంచి బండి వచ్చింది. అక్కడ బిడ్డ అడ్డం తిరిగి తల్లి చచ్చేలా ఉందంటే ఈమె పోయింది. ఇక్కడ మా బిడ్డకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. అవ్వ తనకు తెలిసిన వైద్యమంతా చేసింది. ఆ పల్లెలో తల్లినీ బిడ్డనూ బతికించి ఈమె తిరిగి వచ్చేసరికి మా బిడ్డ పోయింది. నాకు కబురు అంది నేను వచ్చేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. ఆమె నా ముందు ఏడవలేదు. ఆ వారంలోనే మళ్ళీ పనిలోకి పోయింది. ఆ బిడ్డ గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఒకరినొకరు ఏమంటామోనని భయం.

మరుసటి ఏడు ఆమెను కుప్పానికి బదిలీ చేశారు. అప్పటికి మళ్ళీ నెల తప్పి ఉంది. మదనపల్లె నుంచి కుప్పమంటే పలమనేరులో బస్సు మారి, జిల్లా చివరిదాకా పోవాలి. శనివారం పోయి సోమవారానికి తిరిగివచ్చే దూరం కాదు. నన్ను రమ్మని ఆమె అడగలేదు. నేనే షాపు మేనేజరు దగ్గరికి పోయి పని మానుకుంటున్నానని చెప్పాను. మొగుడికి బదిలీ అయిందని బడి మానేసిన టీచరమ్మలను చూశాను గానీ, పెళ్ళానికి బదిలీ అయిందని ఉలి కింద పెట్టిన మగవాణ్ణి చూడలేదని ఆయన నవ్వాడు. కొంగు గట్టిగా పట్టుకో, బస్సులో జారిపోతావని తోటిపనివాళ్ళు ఆటపట్టించారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, పుంగనూరు సంగతి షాపు మధ్యలో నిలబడి చెబుతానా?

కుప్పంలో నాకు పని దొరకలేదు. అక్కడ ప్రతి ఇంటికీ తాతల నాటి నుంచీ ఒక వడ్రంగి ఉన్నాడు. ఆ ఇళ్ళలో కొత్తవాడు ఉలి పెడితే కొట్లాటే. మేకులు దొరకవు, మంచి కలప దొరకదు. ఆమె జీతం ఏ నెలా వేళకు రాలేదు. కార్డు మీద ఇచ్చే బియ్యం వారం మధ్యలోనే అయిపోయేవి. కడుపుతో ఉన్న మనిషి, పల్లెలు తిరిగి వచ్చి ఇంత రాగి సంగటి నీళ్ళలో కలుపుకుని తాగి పడుకునేది.

మా క్రైస్తవ సంఘాలలో ఒక ఆచారం ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెస్తారు. పని పోయినవాళ్ళకూ జబ్బు పడ్డవాళ్ళకూ మళ్ళీ నిలదొక్కుకునేదాకా అందులోంచి ఇస్తారు. భర్త బదిలీ వల్ల పని మానుకుని కొత్త ఊరికి వచ్చిన ఆడవాళ్ళకు కూడా, పని దొరికేదాకా, ఎవరూ ఏమీ అడగకుండానే ఇచ్చేవాళ్ళు. మదనపల్లెలోనూ అంతే, కుప్పంలోనూ అంతే. అందుకే ధైర్యంగా కుప్పం సంఘపెద్ద దగ్గరికి పోయి అడిగాను. ఆయన బడిపంతులు పని చేసి విరమించిన మనిషి, మెత్తనివాడు.

"నిన్ను పనిలోంచి తీసేసినారా అప్పా?" అన్నాడు.

"లేదయ్యా, నేనే మానుకున్నా."

"మానుకున్నోడికి యాల ఇస్తారు?"

పోయిన ఏడు మొగుడి వెంట వచ్చిన టీచరమ్మ కూడా తానే మానుకుంది కదా, ఆమెకు ఇచ్చారు కదా అన్నాను. ఆడమనిషి మొగుడి వెంట రాక ఏం చేస్తుందన్నాడు. మగమనిషి పెళ్ళాం వెంట వస్తే ఆ కడుపు వేరే కడుపా అన్నాను. నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఆయన నొచ్చుకోలేదు. ఇంట్లో పెళ్ళాం ఎన్నో నెలలో ఉందని అడిగి, చూస్తాలే అని భుజం తట్టి పంపించాడు.

తరువాతి ఆదివారం మా సంచిలో బియ్యం పోశారు. పెద్దలు నా మాట ఒప్పుకున్నారని పొంగిపోయాను. లోకం కొద్దిగా మారిందని ఇంటికి వచ్చి ఆమెతో గొప్పలు పోయాను. ఆమె ఆ రాత్రి అన్నం వండుతూ ఆ బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి గుడి కుండలో వేసింది. వాళ్ళు ఇచ్చింది వాళ్ళకే ఇస్తున్నావా అని వెక్కిరించాను. ఇంట్లో అన్నం ఉడుకుతోంది కదా, ఇవ్వాల్సిందేనంది. ఆ నెల ఆమె మొహం కాస్త నిండుగా కనిపించింది.

ఆ తరువాత కాన్పులకు పిలుపులు తగ్గాయి. నెలల తరబడి ఈమె చూస్తూ వచ్చిన ఒక గర్భిణి తీరా నొప్పులు వచ్చాక ముసలి మంత్రసానిని పిలిపించుకుంది. మరో ఇంట్లో ఈమెను వాకిట్లోనే నిలబెట్టి, అంతా అయిపోయిందని పంపేశారు. తనవల్ల ఏం తప్పు జరిగిందోనని ఆమె కుమిలిపోయింది. పై డాక్టరమ్మ తనిఖీకి వచ్చి, ఇక్కడ కాన్పులే లేనప్పుడు ఇక్కడ మనిషి ఎందుకని అడిగి పోయింది. ఆ ఉద్యోగం పోతే ఇక మాకు ఏమీ లేదు.

సంగతి బావి దగ్గర బయటపడింది. ఈమె చేద వేయబోతే ఎదురింటావిడ తన బిందె పక్కకు జరుపుకుంది. ఎందుకమ్మా అంటే మొహమాటపడుతూ చెప్పింది.

"మీ ఆయనకు ఆ దగ్గు జబ్బంట గదమ్మా. పసిబిడ్డల ఇండ్లు మావి. నువ్వు ఆయప్ప దగ్గర్నించే గదా వస్తావు."

నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నేరుగా పెద్దాయన ఇంటికి పోయాను. నాకు జబ్బుందని ఎవరితో చెప్పారయ్యా అన్నాను. ఆయన దాచలేదు. ఒంట్లో బాగాలేక పని మానుకున్నాడని మాత్రమే తోటి పెద్దలతో అన్నాడట, జబ్బు పేరు చెప్పలేదట. చెప్పనక్కర్లేదు. మదనపల్లె దగ్గర క్షయ ఆస్పత్రి ఉందని ఈ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. మదనపల్లె నుంచి వచ్చాడు, పని మానుకున్నాడు, ఒంట్లో బాగాలేదు. మిగిలింది ఊరే పూర్తిచేసింది.

"నీ కోసరమే సెప్పినానప్పా," అన్నాడు పెద్దాయన. "పెండ్లాం కోసరం వచ్చినాడంటే ఒక్కరూ ఊ అన్లేదు. జబ్బు మనిషి అంటే అందరూ ఊ అన్నారు."

ఆయన మీద అరవాలని పోయినవాణ్ణి, ఆ మాట విన్నాక అరవలేకపోయాను. నా కోసం అబద్ధమాడినవాణ్ణి ఏమని తిట్టేది? కానీ ఇంటికి నడుస్తుంటే సిగ్గూ కోపమూ ముంచుకొచ్చాయి. ఆలి కోసం వచ్చిన మగవాడి కంటే రోగిష్టివాడు వాళ్ళకు నయమనిపించాడు.

ఇంటికి పోయేసరికి ఆమె నా బట్టలు మడతపెడుతోంది.

"నువ్వు మదనపల్లికి పో," అంది. "నువ్వు కనపడకుంటే నన్ను మళ్ళా పిలుస్తారు."

"నెలలు నిండుతాండాయి. నిన్ను ఇడిసి యాడికి పోయేది?"

"ఉజ్జోగం పోతే ఏం తింటాం?"

"నువ్వు పల్లెలకు పోతే ఈ బిడ్డను ఎవురు సూస్తారు?"

ఆమె చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. పుంగనూరు బిడ్డ మాటకు అంత దగ్గరగా మేము ఎప్పుడూ రాలేదు. ఆమె తల తిప్పుకుంది. నేను మడతపెట్టిన బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేశాను. ఇంక నా మాట ఆమె వినలేదు, ఆమె మాట నేను వినలేదు.

ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవమన్నప్పుడు నేను లేచాను. దేవుడు చేసిన మేలు చెప్పుకోవలసిన సమయమది. నా చేతిలో మిగిలిన బియ్యం సంచి ఉంది.

"నాకు ఏ జబ్బూ లేదు," అన్నాను. "ఉంటే ఆస్పత్రిలో సేరుంటా, మీ బిడ్డల మధ్యలో కూర్చోను. పుంగనూరులో మాకొక బిడ్డ పోయింది. ఆ పొద్దు ఇంట్లో ఆమే లేదు, నేనూ లేను. ఈసారి ఒకరన్నా ఉండాలని పని మానుకుని వచ్చినా. దానికి ఇస్తే ఈ బియ్యం తీసుకుంటా. జబ్బుకైతే వద్దు."

సంచి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. వెనక వరసలో ఎవరో మగవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి చప్పుడు లేదు. నా భార్య తల దించుకుని ఉంది. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ వారం పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. జబ్బూ లేదు, ఎవరూ పని తీసేయనూ లేదు, కాబట్టి ఇవ్వడానికి లేదన్నారు. ఆ సంచి తిరిగి రాలేదు. ఇన్నేళ్ళయినా ఆ తీర్పు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అయితే ఆ తీర్పు చెప్పిన సాయంత్రమే పెద్దాయన భార్య మా ఇంటికి వచ్చింది. వీధిలో అందరూ చూస్తుండగా మా అరుగు మీద కూర్చుని దాహమడిగింది. నేను లోపలి నుంచి చెంబుతో తెచ్చి ఇస్తే కడుపునిండా తాగింది. తన కోడలికి నొప్పులు వస్తే కబురు చేస్తాను, రావాలని నా భార్యతో గట్టిగా, వీధంతా వినేట్టు చెప్పి పోయింది. ఆ కోడలి కాన్పు ఈమే చేసింది. అప్పటికీ కొన్ని ఇళ్ళవాళ్ళు పిలవలేదు. పిలిచినవాళ్ళు పిలిచారు. ఉద్యోగం నిలబడింది.

నేను రైల్వే స్టేషను దగ్గర కట్టెల డిపోలో మొద్దులు కోసే కూలికి పోయాను. వడ్రంగి చెయ్యి మొద్దులు కోయడమేమిటని ఏడుపొచ్చేది. మాకు మగబిడ్డ పుట్టాక అదీ మానుకున్నాను. సెలవు అయిపోయి ఆమె పనిలోకి పోయింది. పసివాడికి పాలు కాచడం, గుడ్డలు ఉతకడం, కషాయం పట్టడం నా పని. వీధి మగవాళ్ళు నాకు ఆయమ్మ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను, అయినా వాకిట్లో గుడ్డలు ఆరేసేటప్పుడు వీధి ఖాళీగా ఉందా అని చూసేవాణ్ణి.

బిడ్డ పుట్టాక మొదటిసారి దూరపు పల్లె నుంచి బండి వచ్చిన రోజు ఆమె తెల్లవారుతూనే బయలుదేరింది. గుమ్మం దాటి రెండుసార్లు వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి ముట్టుకుని చూసింది. నేను పో అన్నాను. మధ్యాహ్నం పాలు తాగిన వెంటనే వాడు కక్కేశాడు. మళ్ళీ పడితే మళ్ళీ కక్కాడు. పాలు ఆపేసి, ఆమె నేర్పినట్టే కాచి చల్లార్చిన నీళ్ళు ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోస్తూ వాణ్ణి భుజం మీద నుంచి దించకుండా తిరిగాను. ఎవరినైనా పిలుద్దామంటే వాణ్ణి వదిలి పోవాలి. నేను వదల్లేదు. పొద్దు వాలేసరికి వాడు తేరుకుని నిద్రపోయాడు.

బండి వచ్చి ఆగింది. ఆమె దిగి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రాలేదు.

"బిడ్డ?" అంది.

"ఉండాడు. నిద్రపోతాండాడు."

ఆమె గుమ్మంలోనే కూలబడి గట్టిగా ఏడ్చింది. నిద్రపోతున్న వాణ్ణి కాదు, పుంగనూరులో పోయిన మా ఆడబిడ్డను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేను పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మా ఇంట్లో ఏం జరిగిందోనని వీధిలో వాళ్ళంతా బయటికి వచ్చారు. ఏమీ జరగలేదని వాళ్ళకు చెప్పాను.