మెమరీ కార్డులోని యాప్‌లు

కువైట్‌లో ఫహాహీల్ బస్టాండుకు దగ్గర్లో ఒక సెల్ షాపులో ఏడేళ్లు పనిచేశాను. రిపేర్లు నావి, అమ్మకాలు యజమానివి. అయితే జనం నన్ను వెతుక్కుంటూ వచ్చింది రిపేర్ల కోసం కాదు, నా దగ్గరున్న మెమరీ కార్డు కోసం. చవక స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. ఫోను కొన్నవాళ్లు దాన్ని నా ముందు పెట్టి "అన్నీ ఎక్కించు" అనేవారు. అన్నీ అంటే తెలుగు కీబోర్డు, పంచాంగం, పాటల ప్లేయరు, వీటన్నిటికంటే ముందు ఇంటికి వీడియో కాల్ చేసుకునే యాప్.

ఇవన్నీ ఫోనులోని స్టోర్‌లో ఊరికే దొరుకుతాయి కదా అని ఇప్పటివాళ్లు అడుగుతారు. స్టోర్ తెరవాలంటే ఈమెయిల్ ఉండాలి. ఇళ్లలో వంట చేసేవాళ్లకీ, అల్ రాయ్ గోడౌన్లలో సామాను దించేవాళ్లకీ అప్పట్లో ఈమెయిల్ ఎక్కడిది? మొదట్లో నేను తెలివి ఎక్కువై నా సొంత ఈమెయిల్‌తోనే అందరి ఫోన్లూ తెరిచాను. నెల తిరిగేసరికి ఒకరి నంబర్లు ఇంకొకరి ఫోన్లోకి వచ్చి కూర్చున్నాయి. ఒక డ్రైవరు తన భార్య అనుకుని ఎవరో తాపీమేస్త్రీతో రెండు నిమిషాలు ముద్దుగా మాట్లాడాడు. ఇద్దరూ కలిసి వచ్చి నన్ను తిట్టారు. ఆ తిట్ల తర్వాత స్టోర్ జోలికి పోకుండా కార్డు పట్టుకున్నాను.

బయటి యాప్ ఎక్కాలంటే సెట్టింగ్స్‌లో ఒక గడికి టిక్కు పెట్టాలి. తెలియని చోటి నుంచి వచ్చినదాన్ని కూడా రానివ్వమని దాని అర్థం. టిక్కు పెట్టగానే, దీనివల్ల మీ ఫోనుకు హాని జరగొచ్చు, బాధ్యత మీదే అని ఒక హెచ్చరిక వస్తుంది. ఫోను గలవాళ్లు అదేమిటో చూసేలోపే నా బొటనవేలు ఓకే నొక్కేసేది. ఏమొచ్చిందని ఎవరైనా అడిగితే "ఏం కాదు" అనేవాణ్ణి. ఆ రెండు మాటలు రోజుకి ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

కడప జిల్లా ఆవిడ ఒకరు మొదటిసారి వచ్చింది ఒక శుక్రవారం. ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో వంటపని. చేతిలో పాత ఫోను, ఆ ఇంట్లో ముందు పనిచేసిన మనిషి వదిలేసి వెళ్లినది. అప్పటికే వేరే షాపులో ఎవరో స్టోర్ తెరిచి చూశారట. ఈ ఫోను మోడల్‌కి ఆ యాప్ పనిచేయదని వచ్చిందట. కొత్త ఫోను కొనుక్కోమని వాళ్లు చెప్పి పంపించారు. నా కార్డులో ఆ యాప్ పాత రకం ఉంది. ఎక్కించాను, పట్టింది. అక్కడే నిలబడి ఊరికి కాల్ చేసింది.

తెర మీద ఆరేడేళ్ల పిల్లాడు కనిపించాడు. ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను నా స్టాండుకి ఆనించి రెండు చేతులూ తిప్పడం మొదలుపెట్టింది. వాడూ తిప్పుతున్నాడు. పుట్టు చెవుడని, మాటలు రాలేదని కాల్ అయ్యాక చెప్పింది. చెల్లెలి దగ్గర పెరుగుతున్నాడు. బడిలో నేర్పే సైగలు కావు వాళ్లవి, ఇంట్లో పుట్టినవి. మీసం దువ్వితే నాన్న, ముక్కుపుడక ముట్టుకుంటే అమ్మ. వాడు ఎప్పటికప్పుడు కొత్తవి కనిపెడుతుంటాడట.

"మామూలు ఫోనులో నాకూ వానికీ ఏముంది అన్నా," అంది. "నెల దినాలు చూడకపోతే వాడు ఏం చెప్తాండాడో నాకే తెలీకుండా పోతాది."

ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. దాచడమెందుకు, ఎవరెస్టు ఎక్కినంత సంబరపడ్డాను. గదికి వెళ్లి నా రూమ్మేటుకి చెప్పాను. మాదీ వాడిదీ కోనసీమలో పక్కపక్క ఊళ్లు. అహ్మదీలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం చేపలు శుభ్రం చేస్తూ ఈ విషయం మీద వాదించుకునేవాళ్లం. బయటి యాప్‌లు ఎక్కే దారే ఉండకూడదని, ఫోను తయారుచేసినవాళ్లే తలుపు మూసేయాలని వాడి వాదన. స్టోర్‌లో పెట్టేముందు ఎవరో ఒకరు చూస్తారు, నీ కార్డులోవి ఎవరు చూశారు అనేవాడు. కొనుక్కున్న ఫోనులో ఏం ఉండాలో కంపెనీ చెప్పడమేమిటని నేను. పోయిన ఏడాది కొన్న ఫోను ఈ ఏడాది పనికిరాదని స్టోర్ అంటే, అంట్లు తోమే మనిషి ఏడాదికో ఫోను కొంటుందా అని అరిచాను.

"ఆవిడ మాట్లాడుకోవాలంటావ్, బాగానే ఉంది బావా," అన్నాడు వాడు. "మరి నీకేమైనా తెలుసేంటి దాంట్లో ఏం ఉందో?"

చేపకి ఉప్పు పట్టించడంలో మునిగిపోయినట్టు నటించాను.

కార్డులోకి యాప్‌లు ఎలా వచ్చేవో చెప్పాలి. మా దగ్గర ఏదైనా ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి బ్లూటూత్‌లో పోయేది. ఒక గదిలో ఒకడి దగ్గరుంటే సాయంత్రానికి గదంతా ఉంటుంది. అదొక మర్యాద, ఊరినుంచి తెచ్చిన పచ్చడి పంచుకున్నట్టు. ఎవరో కస్టమరు అదే వీడియో కాల్ యాప్ కొత్త రకం తెచ్చాడు. నెట్ సరిగా లేకపోయినా బొమ్మ ఆగదన్నాడు. చూస్తే నిజమే. అతన్ని ఎక్కడిదని అడగలేదు. పచ్చడి ఎవరింటిదని అడుగుతామా? కార్డులోకి తీసుకున్నాను. వచ్చినవాళ్లందరికీ పాతది తీసేసి అది వేశాను. కడప ఆవిడ ఛార్జరు కొనడానికి వస్తే, ఆవిడ అడగకపోయినా, పిలిచి మరీ వేశాను.

పది రోజులు బాగానే నడిచింది. తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఫోను తెరిస్తే చాలు, బూతుబొమ్మలు. ముట్టుకోకుండానే నంబర్లన్నిటికీ బూతు లింకులు మెసేజీలుగా వెళ్తున్నాయి. ఒకాయన తన కఫీల్‌కి, వీసా ఇచ్చిన యజమానికే, వెళ్లిందని తల పట్టుకున్నాడు. వచ్చినవాళ్ల ఫోన్లన్నీ తుడిచి శుభ్రం చేశాను. రానివాళ్లకి నేనే ఫోన్ చేశాను. కడప ఆవిడ ఫోను మాత్రం ఎత్తలేదు. రూమ్మేటు "చెప్పానా" అనలేదు, అంటే బాగుండేది.

మూడు వారాల తర్వాత ఆవిడ షాపుకి వచ్చింది, వెనకే వాళ్ల మామా. ఇంటి యజమానురాలిని అక్కడ అలాగే పిలుస్తారు. ఆ మామాకి హిందీ కొంచెం, ఇంగ్లీషు కొంచెం వచ్చు. జరిగింది ఆమే చెప్పింది. వంటింట్లో ఫోను పెట్టి ఉంటే పదేళ్ల కూతురు తీసుకుందట. తెరమీద ఆ బొమ్మలు. అదే గంటలో మామా సొంత ఫోనుకి వంటమనిషి నంబరు నుంచి ఆ లింకు. ఆ రోజే ఆవిడని పనికి కుదిర్చిన ఏజెంటుకి ఫోన్ చేసి, ఈ మనిషి నాకు వద్దు, పంపించేస్తానని చెప్పిందట. కూతురే ఏడ్చి ఆపింది. ఫోను మాత్రం బీరువాలో పడింది.

మామా తన పాత ఫోను ఒకటి కౌంటరు మీద పెట్టింది. ఖరీదైనది. ఇందులో చెడ్డవి రావు, దీంట్లో వీడియో కాల్ పెట్టమంది. ఆ రకం ఫోన్లలో స్టోర్ తప్ప వేరే దారి లేదు. నా రూమ్మేటు కోరుకునే ఫోను అచ్చంగా అదే. వీడియో కాల్ దాంట్లోనే ఉంది, కాకపోతే అవతల కూడా అదే కంపెనీ ఫోను ఉండాలి. ఊళ్లో చెల్లెలి దగ్గరున్నది పాత చవక ఫోను. దాంట్లో ఉన్నది మా పాత రకం యాపే. దానికి స్టోర్‌లోని కొత్త యాప్ ఎక్కదు, మా పాత యాప్ ఈ ఫోనులోకి రాదు, రెండూ ఒకదానితో ఒకటి కలవవు. అటూ ఇటూ తిప్పి అరగంట చూశాను. కుదరదని చెప్పాల్సి వచ్చింది.

తప్పు నాదని కూడా అప్పుడే మామాకి చెప్పాను. ఈవిడ ఏమీ ఎక్కించుకోలేదు, అడగను కూడా లేదు, నేనే వేశానని. అరబిక్, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి చెప్పాను, ఏ ముక్క అర్థమైందో తెలీదు. మామా తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి బీరువాలో పెట్టిన ఆవిడ ఫోను తీసి వంటమనిషి చేతిలో పెట్టింది. ఇంకొక్కసారి ఆ బొమ్మ ఇంట్లో కనిపిస్తే ఖలాస్, ఇక అంతే, ఊరికి టికెట్టే అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

ఫోను మొత్తం తుడిచేశాను. మొదట్లో వేసిన పాత రకం నా కార్డులో ఒక మూల ఇంకా ఉంది. వేసేముందు నా బొటనవేలు ఆగింది. హెచ్చరిక తెరమీదే ఉంచి ఆవిడకి చదివి వినిపించాను. ఇది వేస్తే కెమెరా దాని చేతిలోకి వెళ్తుంది, మైకు వెళ్తుంది, నంబర్లన్నీ వెళ్తాయి. ఈ పాతది ఇంతవరకూ ఎవరినీ ఏమీ చేయలేదు, రేపు చేయదని చెప్పలేను అన్నాను.

"నీ ఫోన్లో ఉండాదా అన్నా ఇది?" అంది.

లేదు. నాది స్టోర్‌లో కొత్త యాప్ ఎక్కే ఫోను. ఊళ్లో నా భార్య ఫోనుకి సెలవులో వెళ్లినప్పుడు నేనే ఈమెయిల్ పెట్టి ఇచ్చాను, ఆ టిక్కు జోలికి పోవద్దని చెప్పి మరీ వచ్చాను. అన్నేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు, రూమ్మేటు కూడా. లేదమ్మా అన్నాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ నంబర్లు యాడ ఉంటాయని అడిగింది. సిమ్ములో, తుడిచినా పోవని చెప్పాను. బిల్లు వెనక్కి తిప్పి, అన్నీ రాయమంది. ఏజెంటు, డ్రైవరు, వేరే ఇళ్లలో పనిచేసే ఊరివాళ్లు, మామా, ఆమె భర్త బాబా. రాశాక ఒక్కొక్కటే ఫోన్లోంచి తీసేయించింది. మామా నంబరు కూడానా అన్నాను.

"ఆమె ఇంట్లోనే కదా ఉండేది. తీసెయ్," అంది. "మా చెల్లెలిది ఒక్కటి పెట్టు. పోతే మాదే పోతాది."

నేనూ రూమ్మేటూ చేపల దగ్గర అంతకాలం అరుచుకుని తేల్చనిదాన్ని ఆవిడ పది నిమిషాల్లో తన మటుకు తేల్చుకుంది. అప్పుడు టిక్కు తనే పెట్టుకుంది. ఓకే కూడా తనే నొక్కింది.

కాల్ కలిసింది. పిల్లాడు తల్లిని చూసి నవ్వలేదు. రెండు వేళ్లు చెంపకి రాసి, విదిల్చాడు. మళ్లీ అదే. ఆవిడకి అర్థం కాలేదు. ఇంకొకసారి చేయమని సైగ చేసింది. చేశాడు. చివరికి చెల్లెల్ని అడిగింది, అదేం గుర్తే, కొత్తదా అని.

"అబద్ధం అంటాండాడు," అంది చెల్లెలు. "ఈ పొద్దు మీ అమ్మ ఫోను చేస్తాదని దినామూ నేను చెప్తాంటి కదా. మొన్నటి నుంచి నేనేం చెప్పినా ఇదే."

ఆవిడ ఆ సైగ ఒకటికి రెండుసార్లు చేసి చూసుకుంది, సరిగ్గా వచ్చిందో లేదో అన్నట్టు. మామా నా చెయ్యి తట్టి, ఏమంటున్నాడని అడిగింది. నేను చెప్పాను. ఆమె బయటికి వెళ్లి కారు దగ్గర నిలబడింది. తల్లీ కొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఆ ఒక్క సైగ మాత్రం వచ్చేసింది.