పన్నెండు బిట్ల పెట్టె

మొన్న గుంటూరులో ఒక హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి రౌటర్ బిట్లు చూపించమంటే, కొట్టాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీ కార్పెంటర్‌ని ఒకసారి ఫోన్లో ఇవ్వండి మేడమ్, సైజు కనుక్కుంటాను" అన్నాడు. ముప్పై ఏళ్లపాటు పిల్లలచేత లెక్కలు చేయించి రిటైరైనదాన్ని, నాకు ఒళ్లు మండదూ? ఆ కార్పెంటర్ని నేనే బాబూ, నా మిషను పాతది, పావంగుళం మందం కాడ ఉన్న బిట్టు తప్ప పట్టదు, అంచు గుండ్రంగా తీసే బిట్టు ఒకటి చాలు అన్నాను. పాపం, నాలుక కరుచుకుని, వెంటనే అరలోంచి ఒక పెద్ద పెట్టె తీసి నా ముందు తెరిచాడు. లోపల ఎర్రరంగు వేసిన బిట్లు బారులు తీరి కూర్చున్నాయి. ఒక్క బిట్టు ధరకే ఇన్ని వస్తాయండీ అన్నాడు. సరిగ్గా ఆ మాటకే ఒకప్పుడు నేను పడిపోయాను.

రౌటరంటే తెలియనివాళ్లకు చెబుతాను. కరెంటుతో గిర్రున తిరిగే చిన్న మిషను అది, దాని మూతికి బిగించే ఉక్కు ముక్కే బిట్టు. బల్ల అంచు నునుపుగా తిరగాలన్నా, పలకలో గాడి పడాలన్నా పని చేసేది ఆ బిట్టే, మిషను తిప్పడం వరకే. మాలాగా నెలకో రెండు నెలలకో ఒకసారి చెక్క ముట్టుకునేవాళ్లకు ముప్పై రకాలు ఎందుకండీ? గాడికొకటి, గుండ్రం అంచుకొకటి, లోపలికి వంపు తీసేదొకటి, ఈ మూడూ మంచివి ఉంటే ఒక ఇంటికి కావలసిన పనంతా జరిగిపోతుంది. ఇంత ధీమాగా చెబుతున్నానంటే, ఇది నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు, మా అత్తగారు పెట్టిన భిక్ష.

అప్పట్లో నేనూ మా ఆయనా సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో టీచర్లం. మా అత్తగారు మాతోనే ఉండేది. కొడుకు గవర్నమెంటు ఉద్యోగస్తుడయ్యాడు గదా, ఇంక కూలికి పోవడం మానెయ్యమంటే వినేది కాదు. తెల్లవారేసరికి తన ముఠా ఆడవాళ్లతో కలిసి మిరపకోతకు వెళ్లిపోయేది, కోతలయ్యాక కల్లాల్లో కాయలు ఏరడానికి పోయేది. ఆరబోసిన ఎర్రటి రాశి ముందు కూర్చుని మంచికాయ ఒకవైపు, తెల్లబారిన తాలుకాయ ఒకవైపు విసురుతుంటే, ఆ చేతుల వంక చూస్తే మనకే కళ్లు తిరిగేవి. ఏరేటప్పుడు ఆవిడ కాయ వంక చూడనుకూడా చూసేది కాదు, పక్కావిడతో ఊరి కబుర్లన్నీ చెబుతూనే ఉండేది.

మా చర్చిలో ఏటా కోతల పండుగ చేసేవాళ్లం. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల కూడా వచ్చేది. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒక్కొక్కటీ పైకెత్తి చూపించి వేలం పెట్టేవాడు. పాడుకున్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు, లేదంటే మళ్లీ చర్చికే ఇచ్చెయ్యొచ్చు. నవ్వులూ కేకలూ కోళ్ల అరుపులూ కలిసి ఆ మధ్యాహ్నం ఎంత సందడిగా ఉండేదో మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా! మాకు సెంటు పొలం లేదు. అందరూ పంట తెస్తుంటే తను జీతంలోంచి నోటు తీసి పళ్లెంలో వెయ్యడం మా ఆయనకు మహా చిన్నతనంగా ఉండేది. నా చేత్తో చేసింది ఒక్కటైనా పెట్టాలి అనేవారు. ఆ పట్టుదల మీదే సెలవురోజుల్లో ఊళ్లోని వడ్రంగిగారి దగ్గర కూర్చుని పని నేర్చుకున్నారు, పాత రౌటర్ మిషను ఒకటి కొనుక్కున్నారు.

ఇక చెక్క సంగతి. మా మామగారు బతికున్న రోజుల్లో, పాత పత్తి జిన్నింగు మిల్లు పడగొట్టే పనికి వెళ్లి, కూలికి బదులు ఒక టేకు పలక అడిగి భుజాన వేసుకుని వచ్చారట. దాంతో ఏదో చేయించాలనుకుంటూనే ఆయన పోయారు. అత్తగారు ఆ పలకను చుట్టిల్లు మారినా, ఊరు మారినా వదలకుండా గోనెపట్టాలో చుట్టి దాచింది. ఆ ఏడు ఆవిడే దాన్ని దించి కొడుకు ముందు పెట్టి, బైబిలు పెట్టుకునే పీట చెయ్యరా, మీ నాన్న పేరు చెప్పుకుని పండుగకి ఇద్దాం అంది. అలాంటి పలక ఇంట్లో రెండోది లేదు, కొనే స్తోమతు కూడా అప్పుడు మాకు లేదు.

అంచు గుండ్రంగా తీయడానికి మంచి బిట్టు ఒకటి తెమ్మని మా ఆయన నన్ను గుంటూరు పంపారు. కొట్లో ఒక్క బిట్టుకు చెప్పిన ధరకు ఎర్రరంగు నిగనిగలాడే పన్నెండు బిట్ల పెట్టె వస్తుందనేసరికి నాలోని లెక్కల టీచరుకు పూనకం వచ్చింది. ఎంత గడుసుదాన్నోనని మురిసిపోతూ బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని వచ్చాను. మా ఆయన మూత తీసి చూశారు, ఒక బిట్టును వేళ్ల మధ్య తిప్పారు, నా ముఖం చూశారు. బాగున్నాయి అన్నారు. నన్ను నొప్పించలేక అన్నమాటని ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు తెలిస్తేనా!

పండుగకు ముందురోజు, శనివారం పొద్దున, పీట మొత్తం సిద్ధమై అంచు పని ఒక్కటే మిగిలింది. మిషను వేశారు. మూరెడు దూరం పోయేసరికి చెక్క మాడిన వాసన వచ్చింది, ఆ వెంటనే టప్పుమని చప్పుడైంది. బిట్టుకు అతికించిన కోసే పలుకు ఊడి ఎగిరిపోయింది, పీట అంచున బొటనవేలంత ముక్క పెళ్లగించుకుపోయింది. మా ఆయన మిషను ఆపి, ఆ గాయం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

కల్లం నుంచి వచ్చిన అత్తగారికి మిషను వేడెక్కిపోయిందమ్మా అని చెప్పారు. నాకు దుఃఖం ఆగలేదు, పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టి, నేనే తెచ్చానత్తయ్యా, చవగ్గా వస్తున్నాయని తెచ్చాను అని భోరుమన్నాను. ఆవిడ ముందు పీట అంచు తడిమింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తరవాత చెంగుతో ముఖం తుడుచుకుని, పెట్టె దగ్గరికి లాక్కుని, అదేమిటో పేరు కూడా తెలియని ఆ బిట్లను ఒక్కొక్కటే అరచేతిలో వేసుకుని బరువు చూసింది, అతుకు మీద గోరు పెట్టి గీరింది, వరసగా పన్నెండూ ఒకవైపే పెట్టింది.

"అమ్మాయ్, అన్నీ తాలే. నువ్వు రంగు చూసి తెచ్చావే" అంది.

అంతే, తిట్లూ లేవు, దెప్పుళ్లూ లేవు. మా ఆయన మాత్రం, అవిటి పీటను దేవుడి ముందు పెట్టనంటే పెట్టనని భీష్మించుకున్నారు. ఆదివారం పొద్దున చూస్తే అత్తగారు దాన్ని నెత్తిన పెట్టుకుని చర్చి దారి పట్టింది. మేం వెనకాల పరిగెత్తాం.

వేలంలో పీట వంతు వచ్చింది. సంఘపెద్ద పైకెత్తాడు. పెళ్లగిన వైపే జనానికి కనబడింది కాబోలు, ఎవరూ పాడటానికి ముందుకు రాలేదు. మా ఆయన తల వంచుకుని చాప వంక చూస్తున్నారు, ఆ మెడ వంపు చూస్తుంటే నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి "నా పాట!" అని అత్తగారి గొంతు ఖంగుమంది. ఇంకో మూల నుంచి ఆవిడ ముఠాలో ఒకావిడ దానిమీద హెచ్చు పాడింది. ఇంకొకావిడ ఇంకాస్త పెంచింది. అత్తగారికి రోషం వచ్చి లేచి నిలబడింది.

"ఒసేయ్, నా కొడుకు చేసిన పీట నేను పాడుకుంటుంటే మీకెందుకే!"

"నీ కొడుకైతే మా కొడుకు కాదటే! కూర్చోవే" అని వాళ్లంతా ఒక్కసారే కేకలేశారు. చర్చి చర్చంతా నవ్వులే. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువకు పోయింది ఆ పీటే. ముఠా అంతా కలిసి పాడుకుని, అక్కడికక్కడే చర్చికి తిరిగి ఇచ్చేశారు. పాస్టరు అయ్యగారు దానిమీద బైబిలు పెట్టి ప్రార్థన చేస్తుంటే మా ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు.

తరవాతి వారం అత్తగారే మాతో గుంటూరు వచ్చింది. కొట్లో బిట్లన్నీ బల్లమీద పోయించుకుని కూర్చుంది. కోసే పలుకు మందంగా ఉందా, అతుకులో గుంటలున్నాయా, అంచు గోటికి తగులుతోందా, బిట్టు కొసనుండే చిన్న చక్రం తిప్పితే గరగరమంటోందా, అన్నీ చేత్తోనే చూసి మూడంటే మూడు తీసి పక్కన పెట్టింది. కొట్టాయన నోరు తెరుచుకుని చూశాడు. ఆ మూడూ సానపెట్టించుకుంటూ మా ఆయన పోయేదాకా వాడారు, ఆ తరవాత, ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్న నేను వాడాను. గుండ్రం అంచుది పోయిన నెల అరిగిపోయింది. అందుకే మొన్నటి ప్రయాణం.

ఆ పెట్టె పక్కకు నెట్టి, విడిగా నాలుగు తెప్పించుకుని, ఒక్కొక్కటీ అరచేతిలో వేసుకుని చూసి ఒకటి తెచ్చుకున్నాను. ఇప్పుడొక పీట చేస్తున్నాను, మామూలు వేపచెక్కతోనే. పండుగ దగ్గరికొచ్చింది. చర్చి ఇప్పుడు చలవరాళ్లతో ధగధగలాడుతోంది, పాత పీట కట్టుబడిలో ఎటుపోయిందో ఎవరినడిగినా తెలియదంటున్నారు. వేలం కూడా ఎత్తేశారు. డబ్బు కవరులో పెట్టి ఇస్తే చాలు, రసీదు ఇస్తారు. ఈ పీట తీసుకెళితే కూడా మర్యాదగానే పుచ్చుకుంటారు, థాంక్స్ టీచరుగారూ అని ఒక మూల పెడతారు. వాళ్ల తప్పేం లేదు. కానీ దాన్నెవరో పైకెత్తి పట్టుకోవాలి, ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు నాదీ అని అరవాలి, కాదు మాదీ అని ఇంకో నలుగురు దెబ్బలాడాలి. నాకోసం అలా దెబ్బలాడేవాళ్లంతా వెళ్లిపోయారు.