వెంకాయమ్మ నేర్చుకున్న కట్టు

"...చీర కట్టుకోవడం రాదని నేనెప్పుడన్నానండీ? నలుగురిలోకి వచ్చేలా కట్టుకోమంటున్నాను. ఆ పిక్కలు కనబడుతూ స్టేజి ఎక్కుతారా?"

"ఎక్కితే? స్టేజి విరిగిపోద్దా?"

"స్టేజికేం కాదండి. నా పరువే పోద్ది."

"నలభై ఏళ్ళ నుంచి కడుతున్నాను. ఇన్నాళ్ళకి నువ్వొచ్చి నేర్పుతావా నాకు? ఒరే దుర్గా, వింటున్నావా?"

దుర్గారాజు వింటున్నాడు. వింటున్నట్టు కనబడకుండా ఫోనులోకి తల వంచాడు. చేపల మేత కంపెనీకి ఏజెంటుగా రోజుకి పాతికమంది రైతులతో మాట్లాడే మనిషి, ఇంట్లో ఈ ఇద్దరి మధ్యా నోరు విప్పడు.

ఏలూరులో వాళ్ళది మేడమీద అద్దె వాటా. పది రోజుల్లో కూతురు భానుకి ఓణీల ఫంక్షను. దానికోసం అతని తల్లి వెంకాయమ్మ కొల్లేటికోట నుంచి ముందే వచ్చింది. వచ్చిన గంటకే కోడలు ప్రసన్నలక్ష్మి ఆమెని కిందనుంచి పైదాకా చూసి ఈ మాట ఎత్తింది.

ఆ కుటుంబంలో ఆడపిల్ల భుజాన మొదటి ఓణీ వేసేది నాయనమ్మ. వెంకాయమ్మకి వాళ్ళ నాయనమ్మ వేసింది. వెంకాయమ్మకి కూతుళ్ళు లేరు. ముగ్గురు కొడుకులకీ కలిపి ఆడపిల్ల భాను ఒక్కతే. పిల్ల పుట్టిన రోజే, పురిటి మంచం పక్కన నిలబడి, "దీనికి ఓణీ వేసేదాకా నేను పోను" అంది వెంకాయమ్మ. పదమూడేళ్ళుగా ఆ మాట ఊళ్ళో అందరికీ చెబుతూనే ఉంది.

"నేను నేర్పినట్టు కట్టుకుంటే ఓణీ మీరే వేద్దురుగాని, అత్తయ్యా" అంది ప్రసన్నలక్ష్మి. "లేదంటే మా అమ్మ వేస్తుంది. తాడేపల్లిగూడెంనుంచి ఎలాగూ వస్తోంది."

వెంకాయమ్మ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి, గ్లాసు గట్టిగా బోర్లించింది.

ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. పదహారో ఏట చేపల చెరువుల్లోకి దిగింది. గుర్రపుడెక్క లాగడం, నాచు తీయడం ఆమె పని. ఇప్పుడు పద్నాలుగుమంది ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే పెద్ద. ఆలస్యంగా వచ్చినదాన్ని గట్టుమీదే నిలబెట్టి, అందరూ వినేలా తిట్టి, ఇంటికి పంపేస్తుంది. చీరకింద లంగా ఎన్నడూ ఎరగదు. చీర కొస నడుముకి ముడేసి, మిగతాది చుట్టి, నీళ్ళు కనబడగానే కుచ్చెళ్ళు కాళ్ళమధ్యనుంచి వెనక్కి తీసి గోచీ పోసి, పైట లాగి నడుముకి దోపుతుంది. ఇదంతా రెండు అడుగులు వేసేలోపు, నడుస్తూనే అయిపోతుంది. గట్టెక్కాక గోచీ విప్పినా చీర పిక్కల కిందికి దిగదు. కొల్లేటికోటలో ఆ వయసు ఆడవాళ్ళ కట్టే అది. ఎవరూ తప్పు పట్టలేదు.

తప్పు పట్టడం వెంకాయమ్మకే తెలుసు. పదిహేనేళ్ళ కిందట ప్రసన్నలక్ష్మి తాడేపల్లిగూడెంనుంచి కాపురానికి వచ్చినప్పుడు ఆ పిల్లకి చుడీదార్లు తప్ప చీర అలవాటు లేదు. మూడో రోజు వెంకాయమ్మ ఆమెకి చీర ఇచ్చి, కట్టుకున్నాక రేవుకి వెంటబెట్టుకెళ్ళింది. అక్కడ పడవ దిగినవాళ్ళ మధ్య కుచ్చెళ్ళు మొత్తం జారి పాదాల మీద పడ్డాయి. చేతులతో పట్టుకుని నిలబడిపోయిన కోడల్ని చూసి, "గూడెం పిల్ల, బియ్యంబస్తా చుట్టుకొచ్చింది" అంది వెంకాయమ్మ. రేవంతా నవ్వింది. తర్వాత నెలరోజులపాటు నడుంమీద చరుస్తూ కట్టు నేర్పింది. ప్రసన్నలక్ష్మి ఏడవలేదు. ఏడాది తిరిగేలోపు మొగుణ్ణి ఏలూరు తెచ్చుకుంది. చీర తప్పనిసరి అయిన ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి, అద్దంముందు గంటలు నిలబడి, ఒక్క ముడత లేకుండా కట్టడం నేర్చుకుంది.

మర్నాటి సాయంత్రం నుంచి పాఠాలు మొదలయ్యాయి. స్కూలునుంచి రాగానే ప్రసన్నలక్ష్మి కాళ్ళు కూడా కడుక్కోకుండా అత్తగారికి లంగా తొడిగించి బొందు బిగించేది.

"ఇంత బిగిస్తే అన్నం ఎలా దిగుద్దే?"

"కట్టుకున్నాక ఎందుకండీ అన్నం? ముందే తినండి."

కుచ్చెళ్ళు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టాలి. వెంకాయమ్మ నాలుగు వేళ్ళతో గుప్పిట పట్టేది. ఆ వేళ్ళ పగుళ్ళకి పోగులు తగులుకునేవి.

"ఇది గుర్రపుడెక్క కాదు, గుంజకండి."

"గుర్రపుడెక్కయితే నీకు చేతనయ్యేది కాదులే."

ప్రసన్నలక్ష్మి స్కూలు స్కేలు తెచ్చి, కింద కూర్చుని, అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచేది. వెనక మూడంగుళాలు లేచిందంటే మొత్తం విప్పించేది. రెండోసారి, మూడోసారి. భాను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే "చదువుకోవే" అని ఇద్దరూ ఒకేసారి కసిరేవారు.

అడుగు వేయడం దగ్గర పెద్ద తంటా వచ్చింది. బురదలో నడిచి నడిచి వెంకాయమ్మ అడుగు వెడల్పు. లంగా ఆ అడుగుని పట్టి ఆపేది. హాల్లో అటూ ఇటూ నడిపిస్తూ ప్రసన్నలక్ష్మి, "చిన్నగా, చిన్నగా. ఎవరూ తరమట్లేదు మిమ్మల్ని" అనేది. ఒకసారి తూలి సోఫా అంచు పట్టుకుంది వెంకాయమ్మ. కోడలు చెయ్యి ఇవ్వలేదు.

ఆ రాత్రి మొగుడు రామకోటికి ఫోన్ చేసి, "వచ్చేద్దామనుంది" అంది.

"వచ్చెయ్. నీ మనవరాలికి ఓణీ సుబ్బాయమ్మగారు వేస్తారు" అన్నాడాయన. సుబ్బాయమ్మ ప్రసన్నలక్ష్మి తల్లి.

వెంకాయమ్మ ఫోన్ పెట్టేసింది.

ఏడో రోజు తెల్లారగట్ల ఇంట్లో ఎవరూ లేవకముందే బీరువా అద్దం ముందు నిలబడి తనంతట తను కట్టుకుంది. చేపలు లెక్కపెట్టేటప్పటిలాగా, మొదటి కుచ్చెలకి ఒకటి అనకుండా 'లాభం' అనుకుంది. లాభం, రెండు, మూడు... వెనకనుంచి భాను గొంతు వినబడింది.

"నాయనమ్మా, ఏడు పెట్టావు. అమ్మ ఆరే చెప్పింది."

"మీ అమ్మ నడుం వేరు, నా నడుం వేరు. నువ్వు లేచి చూసినట్టు అమ్మకి చెప్పకు."

ఆ సాయంత్రం ప్రసన్నలక్ష్మి ముందూ వెనకా చూసింది. కింద కూర్చుని స్కేలు పెట్టింది. నేలకి అర అంగుళం ఎత్తు. ఎక్కడా తేడా లేదు. లేచి, భుజంమీద సరిగ్గానే ఉన్న పిన్నీసు తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.

"నడక ఇంకా రాలేదు" అంది.

ఫంక్షన్‌నాడు తెల్లారగట్ల పెద్ద వాన కురిసింది. వెంకాయమ్మకని కోడలు కొన్నది వంకాయరంగు ఉప్పాడ పట్టు. ఎవరి సాయం లేకుండా కట్టుకుంది. భుజానికి రెండు పిన్నీసులు, నడుం దగ్గర ఒకటి పెట్టుకుంది. దుర్గారాజు తల్లిని చూసి, "బాగుందమ్మా" అన్నాడు. ఆ పది రోజుల్లో అతను అన్న మాట అదొక్కటే.

వాళ్ళు ఫంక్షన్ హాలు చేరేసరికి కొల్లేటికోటనుంచి రెండు వ్యాన్లలో రామకోటితో కలిపి నలభైమంది వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ముఠా ఆడవాళ్ళందరూ వచ్చారు. రెండో వైపు ప్రసన్నలక్ష్మి స్కూలు వాళ్ళు, ముందు వరసలో హెడ్‌మిస్ట్రెస్ షారోన్ మేడమ్. గేటునుంచి మెట్లదాకా వాననీళ్ళు చీలమండ లోతున నిలిచాయి. హాలువాళ్ళు ఇటుకలు పేర్చారు. సుబ్బాయమ్మ చీర రెండు వేళ్ళతో కాస్త ఎత్తి ఇటుకల మీదుగా వెళ్ళింది. ప్రసన్నలక్ష్మి భానుని నడిపించుకుని వెళ్ళింది.

వెంకాయమ్మ నీళ్ళ అంచుకి వచ్చింది. చెయ్యి కిందికి వెళ్ళింది. కుచ్చెళ్ళు కాళ్ళమధ్యనుంచి వెనక్కి పోయి నడుంలోకి దిగాయి. లంగా కూడా దాంతోపాటే మోకాళ్ళదాకా లేచింది. ఇంకో చేత్తో పైట గుంజింది. భుజం దగ్గర పట్టు చిరిగిన చప్పుడు ఆమెకి వినబడలేదు. ఇటుకల వైపు చూడకుండా నీళ్ళలోనే పెద్దపెద్ద అంగలు వేస్తూ మెట్లెక్కి, హాలు మధ్యగా స్టేజి వైపు నడిచింది.

వీడియో తీసే అతను కెమెరా ఆమె మీదికి తిప్పాడు. స్కూలు వైపునుంచి ఎవరో నవ్వారు. నవ్వు వెనక వరసలకి పాకింది. అప్పుడు కిందికి చూసుకుంది వెంకాయమ్మ. తడి కాళ్ళు, మోకాళ్ళు, పక్కకి వేలాడుతున్న తెల్ల లంగా. భుజంమీద జానెడు చిరుగులో పిన్నీసు వేలాడుతోంది.

ప్రసన్నలక్ష్మి గబగబా స్టేజి దిగి వచ్చింది. అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. మొహం ఎర్రబడి ఉంది. అయినా ముందు వరస వైపు తిరిగి నవ్వింది.

"ఏమనుకోకండి మేడమ్. మా అత్తగారు. ఇదీ చెరువే అనుకున్నారు."

షారోన్ మేడమ్ నవ్వాలో వద్దో తెలియక కళ్ళజోడు సర్దుకుంది. ఆమె వెనక ఇద్దరు టీచర్లు గట్టిగానే నవ్వారు. కొల్లేటికోట వైపు కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు.

"రండి, రూములో సర్దుతాను" అని గొంతు తగ్గించి అంది ప్రసన్నలక్ష్మి. "రెండు నిమిషాలు పట్టదు. చిరుగు కనబడకుండా మడిచి పిన్ను పెడతాను. ఓణీ మీరే వేద్దురుగాని. ముహూర్తానికి టైముంది."

వెంకాయమ్మ మోచెయ్యి విడిపించుకుంది. స్టేజి మీద పీటమీద కూర్చున్న భాను ఇటే చూస్తోంది. పక్కన పళ్ళెంలో మడత పెట్టిన ఎర్ర ఓణీ ఉంది. వెంకాయమ్మ దాన్ని కాసేపు చూసింది.

"అత్తయ్యా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"మీకోసమే కదండీ ఇన్నాళ్ళూ..."

"నాకోసమేలే."

రామకోటి కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి ఆగిపోయాడు. దుర్గారాజు వంటవాళ్ళ దగ్గరనుంచి పరుగున వచ్చి తల్లికీ భార్యకీ మధ్య నిలబడి, ఇద్దరి మొహాలూ చూశాడు. పంతులుగారు మైకులో నాయనమ్మగారిని రమ్మని పిలిచారు.

వెంకాయమ్మ గోచీ విప్పలేదు. కొల్లేటికోట కుర్చీల వైపు తిరిగి, గట్టుమీదనుంచి ముఠాని పిలిచే గొంతుతో అంది.

"ఒరే దుర్గా, మనవాళ్ళందరినీ లేపి వ్యానెక్కించు. పిల్లకి ఓణీ సుబ్బాయమ్మగారు వేస్తారు."