మామ్మ కట్టని కుళాయి

అరకులో నా కుట్టు దుకాణం పైన ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ, వాళ్ళమ్మ అద్దెకుండేవారు. ఆ మామ్మది కొండమీది ఊరు. కంటి ఆపరేషనయ్యాక నెల్లాళ్ళు చుక్కల మందు వేయాలని కూతురు తెచ్చి దగ్గర పెట్టుకుంది. కూతురు డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో మధ్యాహ్నం చుక్కలు నేనే వేసేదాన్ని.

ఒక శుక్రవారం సంత నుంచి వచ్చి షట్టరెత్తేసరికి స్లాబు నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. పైన కుళాయి తిప్పి అలాగే వదిలేసింది మామ్మ. స్కూలు యూనిఫాంల కోసం తెచ్చిన తానులన్నీ తడిసి, ఎర్ర లైనింగు రంగు తెల్ల గుడ్డకు ఎక్కింది. నాకసలే ముక్కుమీద కోపం. మెట్లెక్కి నోటికొచ్చినట్టు తిట్టాను. "కుళాయి కట్టడం కూడా తెలీనివాళ్ళు కొండ దిగి ఎందుకొస్తారు?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ తర్వాత రెండు రోజులు చుక్కలు వేయడానికి నేను పైకి వెళ్ళలేదు.

బ్యాంకు వాళ్ళు లోనుతోపాటు అంటగట్టిన ఇన్సూరెన్సు ఉంది కదా అని క్లెయిం పెట్టాను. మూడోరోజు విశాఖ నుంచి నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చి, తడిసిన బట్టలకు ఫొటోలు తీసుకున్నాడు. "తప్పు తమదేనని పైవాళ్ళ చేత కాయితం రాయించండి. మీకిచ్చిన డబ్బు మా కంపెనీ ఆ పైవాళ్ళ దగ్గర రాబట్టుకుంటుంది" అన్నాడు.

పిలిస్తే మామ్మ మూట పట్టుకుని దిగింది. ఊరెళ్ళిపోతోందట. మందింకా పదిహేను రోజులుంది. మధ్యలో మానేస్తే చూపుకే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"నేనే ఇప్పీసినాను బాబూ. ఏలిముద్ర ఎక్కడెయ్యాల?" అని బొటనవేలు చాపింది.

"ఎందుకు కట్టలేదు మామ్మా?" అన్నాను.

"మా ఊర్లో ఊట నీరు గొట్టంలోంచి పడతానే ఉంటాదమ్మా. ఎవులూ కట్టరు. మేం పట్టుకోగా మిగిలింది కింద మళ్ళకి పోతాది. ఇక్కడా కిందోలికి పనికొత్తాదనుకున్నాను."

సర్వేయరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"కాయితం వద్దండీ" అన్నాను.

"అయితే మీ ఫైలు కదలదు."

కదలకపోతే పోనివ్వమన్నాను. నిజంగానే అది కదల్లేదు. కొన్ని నెలలు చీరలకు ఫాల్సు కుట్టుకుంటూ నెట్టుకొచ్చాను.

ఆయన వెళ్ళాక మామ్మ చేతిలో మూట లాక్కుని, అందులోంచి మందు సీసా తీసి, ఆవిడను బల్లమీద పడుకోబెట్టాను. "తప్పయిపోయింది మామ్మా. ఊరెళ్తే నీకెవరేస్తారు మందు?" అన్నాను. మొదటి చుక్క కంట్లో పడలేదు, చెంపమీద పడింది. రెండోదీ అంతే. మామ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ముందు నీ కళ్ళు తుడుసుకో అమ్మా. నాకు కనబడతంది."