ఖర్జూరం అత్తయ్య సంస్కరణలు

ఖర్జూరం అత్తయ్యకు పంచదార అంటే పడదు. కంటపడిన ప్రతి మిఠాయిలోంచీ పంచదార ఊడబెరికి, నెయ్యి పిండేసి, ఆ ఖాళీలో ఖర్జూరమో రాగిపిండో కూరి, మళ్లీ పాత పేరే పెట్టి జనం నోట్లో పెట్టడం ఆవిడ జీవితాశయం. "తేడా ఏమీ తెలియదమ్మా" అనేది ఊతపదం. ఆ తేడా ముందుగా తెలిసేది పళ్లకు.

ఆవిడ బళ్లో లెక్కల టీచరు. రెండు వీధుల అవతల ఉంటుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే సంచీ నిండా సరంజామాతో అన్నయ్య ఇంటికి వచ్చి, ఆ ఇంటి కోడలి వంటింటిని స్వాధీనం చేసుకుంటుంది. ఆవిడ ఇంట్లో పొయ్యి లేదా అని కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు భర్తను అడిగింది. ఉందిగానీ, దానికీ ప్రాణమంటే తీపి ఉంటుంది కదా అన్నాడతను.

కొత్త కోడలు కాబట్టి మొదటి ముద్ద ఎప్పుడూ ఆమెదే. తొలి ఆదివారం లడ్డూ కొరకబోతే పన్ను కదిలింది. మొహమాటానికి చప్పరిస్తూ కూర్చుంటే, భోజనాల వేళకు కూడా అది బుగ్గలోనే ఉంది. మరో వారం హల్వా గరిటెను పట్టుకుని వదల్లేదు. ఇద్దరినీ కలిపి నీళ్లలో నానబెట్టారు. ఊగిసలాడే బల్ల కాలి కింద బర్ఫీ ముక్క ఒకటి పెట్టారు. ఆ రోజు నుంచి బల్ల ఊగడం మానేసింది.

ఇక మామగారి సంగతి. ఆయన పేరున్న మిఠాయి దుకాణంలో పాకం మాస్టరుగా చేశారు. షుగరొచ్చి, రుచి చూడటం కూడా మానమని డాక్టరు చెప్పాక, రుచి చూడనివాడికి పొయ్యి దగ్గరేం పని అంటూ ఉద్యోగం వదిలేసి, ముందుగదిలో కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయారు. ఎవరు పలకరించినా ఊఁ అనడమే. చెల్లెలు ఏదైనా మాడబెట్టినప్పుడు మాత్రం ఉన్నపళంగా లేచి వచ్చేవారు.

"ఖర్జూరాన్ని ఇలాగేనా వేయించేది? మంట తగ్గించు. తప్పుకో అవతలికి" అని గరిటె లాక్కునేవారు. కొన్ని అప్పటికే ఆయన చేతికి కూడా లొంగనంత ముదిరిపోయి ఉండేవి. అయినా మధ్యాహ్నం దాకా తిట్లు తిట్లే, కలపడం కలపడమే. తిట్టి తిట్టి ఆకలేసి, ఆ పూట అన్నం కూడా మారు వడ్డించుకునేవారు.

ఊళ్లో పిల్లలందరికీ నిష్పత్తులు నేర్పే మనిషికి పిండికీ నెయ్యికీ పాళ్లు కుదరకపోవడమేమిటని కోడలికి జాలేసింది. ఇంటిల్లిపాది పళ్లనూ కాపాడటానికి కంకణం కట్టుకుంది. ఒక శనివారం ఖర్జూరం మెత్తగా నూరి, జీడిపప్పు, బాదం దోరగా వేయించి, సన్నటి మంట మీద ఒక్క చెంచా నెయ్యితో కలిపి లడ్డూలు చుట్టింది. నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. భర్త అడక్కుండానే రెండోది తీసుకున్నాడు. ఆ ఇంట్లో అది చరిత్ర.

ఆదివారం అత్తయ్య సంచీ విప్పకముందే పళ్లెం తెచ్చి మామగారి ముందు పెట్టింది. ఆయన ఒక లడ్డూ వేళ్లతో చిదిమి, వాసన చూసి, డాక్టరు భయపడనంత చిన్న పలుకు నాలుక మీద వేసుకున్నారు.

"బాగుందమ్మా. వంక పెట్టడానికేం లేదు."

చేయి తుడుచుకుని కిటికీ వైపు తిరిగారు. ఆ పూట మరి లేవలేదు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు.

కోడలికి ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు. అత్తయ్య ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లి, తనూ ఒకటి తిని, కళ్లు మూసుకుని తల ఊపింది.

"అచ్చం నేను చేసినట్టే ఉన్నాయి."

"మీరు చేసినట్టా?" అంది కోడలు, నవ్వాలో ఊరుకోవాలో తెలియక.

"మా ఇంట్లో ఇలాగే వస్తాయే. ఇక్కడికొచ్చి పాడుచేస్తాను. మళ్లీ పొయ్యి దగ్గరికి రా అన్నయ్యా అని ఎంత బతిమాలినా కదల్లేదు. పక్కన ఎవరైనా తగలేస్తుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేడు. వారానికి ఒక్కపూటైనా మనిషి లేచి తిరుగుతున్నాడు కదా అనుకుంటే, నువ్వొచ్చి వంక లేకుండా చేసి కూర్చోబెట్టేశావు."

కోడలికి సిగ్గేసింది. ఆ వెంటనే ఆవిడ మీద అంతులేని ప్రేమ పుట్టుకొచ్చింది. కదిలిన పన్నును కూడా క్షమించేసింది.

సాయంత్రమే బాణలి పెట్టి, ఖర్జూరం వేసి, మంట పెద్దది చేసింది. చేతనైన పని పాడుచేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చేయి దానంతటదే మంట తగ్గించబోతుంటే అత్తయ్య దాని మీద ఒక్కటేసింది. ముద్ద అడుగంటింది. పొగ ముందుగదిలోకి పాకింది. ఇద్దరూ ఓరగా చూస్తుండగా మామగారు గుమ్మంలో నిలబడ్డారు.

"అంత బాగా చేసినదానివి, ఈ పూట నీకేమొచ్చింది?"

"అత్తయ్య ఇలాగే చేయమన్నారండీ" అంది కోడలు, తల వంచుకుని.

"అదీ సంగతి" అంటూ ఆయన చొక్కా చేతులు మడిచి గరిటె అందుకున్నారు. "ఇకనుంచి ఏ రోజైనా సరే, నేను పక్కన లేకుండా పొయ్యి వెలిగించకు."

కోడలు బుద్ధిగా సరేనంది.