క్వామె బట్ట కోసం సిద్దిపేటకు

సిద్దిపేట వెళ్ళాలనుకునేవారు సికింద్రాబాదులో పొద్దున ఆరున్నర బస్సు పట్టుకోండి. ఏడు దాటితే సీటు దొరకదు, దొరికినా పక్కన కోళ్ళ గంప ఉంటుంది. టికెట్టు ధర రాయను, మీరు బయల్దేరే నాటికి అది ఎలాగూ పెరుగుతుంది. ఎనభైల చివర్లో ఒక శుక్రవారం నేను ఆ బస్సెక్కాను. సిద్దిపేట నా పుట్టిల్లే. అయినా ఆ రోజు వెళ్ళింది మా ఇంట్లో అద్దెకుండే క్వామె కోసం, అతన్ని వెంటబెట్టుకుని.

క్వామెది ఆఫ్రికాలోని ఘనా దేశం, అకాన్ జాతి. శనివారం పుట్టిన మగపిల్లలకు వాళ్ళలో ఆ పేరు పెడతారట. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ మా వెనక గదిలో ఉండేవాడు. తెలుగు నా దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి అచ్చం మా సిద్దిపేట తెలుగే మాట్లాడతాడు. దసరాకు ముందు వాళ్ళమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చింది. విమానం ఎక్కే స్తోమత లేదు. వాళ్ళ ఊళ్ళో పెద్ద దినం మా ప్రయాణం మర్నాడే, శనివారం. అదే రోజు హైదరాబాదులో ఉన్న వాళ్ళ దేశం పిల్లలు కూడా ఒకచోట కూడతారు. కొడుకైనవాడు ముదురు రంగు బట్ట, తమ గుర్తులు వేసినది, ఒళ్ళంతా చుట్టుకుని ఎడమ భుజం మీద వేసుకుని కూర్చోవాలి. అలా కూర్చున్న ఫొటో పంపమని అక్కచెల్లెళ్ళు ఉత్తరం రాశారు.

"ఫొటో సూస్తెనే ఊళ్ళె నమ్ముతరు ఆంటీ, కొడుకు ఏడ్చిండని" అన్నాడు.

మా తమ్ముడు వెంకటి గొల్లభామ చీరలు నేస్తాడు. నెత్తిన కుండ పెట్టుకుని నడిచే మనిషిని దారాలతో దింపేవాడికి ఒక గుర్తు ఏపాటిది. క్వామె కాగితం మీద బొమ్మ గీశాడు. ముదురు గోధుమరంగు నూలు తన డబ్బుతోనే కొన్నాడు. పండక్కి మా ఇంటికొచ్చిన వెంకటి ఆ రెండూ పట్టుకుపోయి, ఈ శుక్రవారానికి వచ్చి బట్ట తీసుకెళ్ళమన్నాడు.

ప్రజ్ఞాపూర్‌లో బస్సు చాలాసేపు ఆగుతుంది. అక్కడ మిరపకాయ బజ్జీలు బాగుంటాయి, చాయ్ మాత్రం తాగకండి. క్వామె కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో తన గుర్తు గీస్తున్నాడు. మధ్యలో వరసగా గుబ్బలు, రెండు కొసలా మెలి తిరిగిన కొమ్ములు. ముందు సీట్లో గాజులమ్మే ముసలాయన, ఖాదర్ సాబు, వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు.

"బేటా, గా బొమ్మ ఏంది?"

"జె న్యామె. దేవుడు తప్ప అని."

"దేవుడు తప్ప? తర్వాత?"

"గంతే తాతా. లోకం ఎప్పుడు షురువైందో సూసినోడు లేడు, ఆఖరు సూసెటోడు లేడు. ఆయన తప్ప."

"మా కల్మాల గూడ గదే మాట. గని మేం దేవుని బొమ్మ గియ్యం."

"గిది బొమ్మ కాదు, మాట. మాటనే గిట్ల గీస్తరు."

సాబు, మాటైతే మంచిదేనని తన కాగితంలోంచి ఒక బజ్జీ తీసి క్వామెకు ఇచ్చాడు.

కుకునూరుపల్లి దాటేదాకా క్వామె అదే చెబుతూ వచ్చాడు. ఆ గుర్తు వాళ్ళ దగ్గర ఇంటి గోడల మీద, దుకాణం బోర్డుల మీద, లారీల మీద కూడా ఉంటుందట. చావుబట్ట మీద నేయరు, అచ్చు వేస్తారు. సొరబుర్ర ముక్క మీద గుర్తు చెక్కి, చెట్టు బెరడు ఉడికించిన నల్లరంగులో ముంచి అద్దుతారు. ఇక్కడ అచ్చు వేసేవాళ్ళు లేరు కాబట్టి నేసినా తప్పు లేదన్నాడు. "లారీ మీద సూస్తె ఏమనిపియ్యది. అమ్మ కోసం ఏసుకుంటె వేరె ఉంటది. అమ్మ ఎప్పటికి ఉంటదనుకున్న. ఎవరుంటరు, ఆయన తప్ప" అన్నాడు.

పదింటికల్లా వెంకటి ఇంట్లో ఉన్నాం. మగ్గం మీద గులాబీ రంగు తువ్వాల నడుస్తోంది. దాని అంచు నిండా క్వామె గుర్తే.

"ఏందిరా గిది?"

"సేటుకు నచ్చిందక్కా. తువ్వాలలు నెయ్యమన్నడు."

"మరి పిలగాని బట్ట?"

"నేసిన. మస్తుగొచ్చింది. సేటు కాడ ఉన్నది."

మావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. మగ్గం మీద కొత్త బొమ్మ దిగితే మొదటి బట్ట సేటు దుకాణానికి పోతుంది. నూలు సేటుదే, కూలి ఇచ్చేదీ సేటే కాబట్టి మా తాత నాటి నుంచీ అంతే. ఈసారి నూలు సేటుది కాదు కదరా అన్నాను. వెంకటి నిజంగానే అర్థం కానట్టు నా మొహం చూశాడు.

"కొత్త నమూనా కదక్కా. సూపియ్యకుంట ఎట్ల?"

ముగ్గురం దుకాణానికి వెళ్ళాం. సేటు మర్యాదస్తుడు, కుర్చీలు వేయించి సోడాలు తెప్పించాడు. బట్ట సంగతి అడగగానే లోపల్నుంచి ఒక మూట తెచ్చి మా ముందు విప్పాడు. అన్నీ ఆ గోధుమరంగు బట్టలోంచి కోసిన అరచేతి వెడల్పు ముక్కలు. ఒక్కో ముక్కకు ఒక్కో గుర్తు, ఒక్కో గుండుసూది, ఒక్కో చీటీ.

"కరీంనగర్, వరంగల్ ఏజెంట్లకు పంపాలె గద. ఒక్క బట్ట ఎందరికి సూపిస్త?"

అది ఎవరి బట్టో, ఎందుకో చెప్పాను. సేటు నొచ్చుకున్నాడు. "వెంకటి చెప్పనే లేదమ్మా" అన్నాడు. వెంకటి గడప అవతలే నిలబడి నేల చూస్తున్నాడు. సేటు ఒక ముక్క ఏరి క్వామె చేతిలో పెట్టాడు. "తీస్కపో బాబు, పైసలొద్దు."

బజారులోకి రాగానే నాకు నోరు ఆగలేదు. దేవుడి మాటను మూతి తుడుచుకునే తువ్వాలలకు ఎక్కించారని తిట్టాను. క్వామె నన్ను ఆపాడు.

"తువ్వాలలకేం ఆంటీ, మా ఊళ్ళె సారా దుకాణం మీద గూడ ఉంటది. గా గుర్తు అందరిది. గా బట్టనే నాది."

వెంకటి వారంలో ఇంకోటి నేసిస్తానన్నాడు. మర్నాడే శనివారం అన్న సంగతి వాడికి తెలుసు. మరదలు అన్నం వడ్డిస్తే క్వామె మర్యాద కోసం నాలుగు ముద్దలు తిన్నాడు, నేను ఆ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టలేదు. సేటు మీద నాకు పెద్దగా కోపం లేదు. తన దగ్గరికి వచ్చిన బట్టను కోసుకున్నాడు. దేవుడు తప్ప ఎవ్వరూ లేరన్న మాటను వరస తప్పకుండా నేసి, మడిచి, దాన్ని మోసుకెళ్ళి సేటు ముందు పెట్టింది మా తమ్ముడే. ఎవరూ అడగకుండానే పెట్టాడు. అది నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడలేదు.

మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాం. సిద్దిపేట చూడదగ్గ ఊరే. మగ్గాలు చూడండి, గొల్లభామ చీరలు కొనుక్కోండి, మనుషులు కూడా కూర్చోబెట్టి మాట్లాడతారు. మీ సొంత నూలు మాత్రం తీసుకెళ్ళకండి.

బస్సు కదిలాక క్వామె జేబులోంచి ముక్క తీసి, గుండుసూదీ చీటీ ఊడదీసి, మోకాలి మీద పెట్టి సాపు చేశాడు.

"ఆంటీ, ఫొటో బాగ దగ్గరికెల్లి తీస్తె భుజమే పడతది గద?"

"పడతది బిడ్డా" అన్నాను.

అతను ముక్కను ఎడమ భుజం మీద పరిచి, ఇటు జరిపి, అటు జరిపి చూసుకున్నాడు. అది భుజానికి కూడా చాలలేదు.